వెనక్కి చూసే సీటు

మానవజాతి ముందు కుర్చీని కనిపెట్టింది. తర్వాత అందులో ఎవరు కూర్చోకూడదో తేల్చడానికి ఆఫీసుని కనిపెట్టింది. విద్యుత్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన నాకు ఈ రెండో విద్యలో నన్ను మించినవాడు లేడని గర్వం ఉండేది. అమెరికాలో, నోవై అనే ఊళ్లో ఉన్న మా అమ్మాయి భవిత ఇంటికి వచ్చాక అది అణిగింది.

పక్కింటి రేమండ్‌గారికి తొంభై తొమ్మిదేళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళపు టార్పెడో విమానంలో గన్నరుగా చేశారు. ఓడ మీదికి టార్పెడో వదలాలంటే ఆ విమానం నీళ్లకి దగ్గరగా, నెమ్మదిగా, తిన్నగా వెళ్లాలట. (శత్రువుకి ఇంత సౌకర్యం మా శాఖ కూడా కల్పించలేదు.) గన్నరు తోక వైపు తిరిగి కూర్చుంటాడు. వెనకాల వస్తున్న విమానం కూలి, అందులోని స్నేహితుడు ఎడ్డీ సముద్రంలో కలిసిపోవడం ఆయన ఆ సీట్లోంచే చూశారు. రెండు చేతులూ తుపాకీ మీద ఉండటంతో చెయ్యి ఊపడానికైనా వీలు చిక్కలేదట.

రేమండ్‌గారు పనిచేసిన ఆ విమానమే ఇప్పుడు ఊరి బయట మ్యూజియంలో ఉంది. ఒక్కసారి ఆ సీట్లో కూర్చుని ఎడ్డీకి చెయ్యి ఊపాలని ఆయన కోరిక. ఇంటికొచ్చి ఆ సంగతి భవితకి చెప్పాను.

"డోంట్ వర్రీ నాన్నా, యాప్‌లో స్లాట్ బుక్ చేసేస్తా" అంది భవిత.

యాప్ ఆయన పుట్టిన సంవత్సరాన్ని ఒప్పుకోలేదు. గన్నరు సీటుకి వయోపరిమితి డెబ్బై ఐదట. (పద్దెనిమిదేళ్లకి అదే సీట్లో కూర్చోబెట్టి యుద్ధానికి పంపినప్పుడు పరిమితులేవీ గుర్తు రాలేదు.) సందర్శకానుభూతుల ఉపసంచాలకురాలు మెరిడిత్‌గారిని కలిశాం. మాజీ సైనికులకి మినహాయింపు ఉందనీ, అయితే ఈ విమానంలోనే పనిచేసినట్టు రుజువు కావాలనీ ఆవిడ సెలవిచ్చారు. రేమండ్‌గారు ఆవిడ వెనక గోడని చూపించారు. ఆ విమానం ముందు నవ్వుతూ నిలబడ్డ కుర్ర రేమండ్ నిలువెత్తు ఫొటో, కింద పేరుతో సహా అక్కడ ఉంది. అది మ్యూజియం ఆస్తి కనక బయటివాళ్లు రుజువుగా వాడుకోవడం కుదరదని ఆవిడ ఓపిగ్గా వివరించారు. నేను లేచి నమస్కారం పెట్టాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకిలాంటిది తట్టలేదు.

భవిత ఒళ్లు మండి పెద్ద మెయిల్ కొట్టింది. పాలకమండలి అత్యవసరంగా సమావేశమై, చాలా బాధపడి, రేమండ్‌గారికి సన్మానం తలపెట్టింది.

సన్మానం నాడు బ్యాండు వాయించారు, కేకు కోశారు. మెరిడిత్‌గారు తెర లాగగానే గన్నరు సీటు మీద ఇత్తడి పలక మెరిసింది. ఆ సీటుని రేమండ్‌గారికి శాశ్వతంగా అంకితం చేశామని ప్రకటించారు. చప్పట్ల మధ్య ఆయన చేతికర్ర నాకిచ్చి నిచ్చెన మీద కాలు పెట్టారు. గార్డు ఎంతో మర్యాదగా అడ్డం నిలబడ్డాడు.

"సారీ సర్. ఇది రేమండ్‌గారి సీటు. ఇకమీదట ఇందులో ఎవరూ కూర్చోకూడదు."

రేమండ్‌గారు నిచ్చెన దిగారు. కింద నిలబడే విమానం తోక వైపు తిరిగి, చాలాసేపు చెయ్యి ఊపారు.

మ్యూజియం వాళ్లు ఫొటో తీశారు. అదీ వాళ్ల ఆస్తే.