బానెట్ ఎత్తని ఆదివారాలు

“ఇంజన్ ఆయిలు చూసుకోనివాడు ఇల్లు చూసుకోలేడు! రేడియేటర్లో నీళ్లు పోయనివాడికి కళ్లలో నీళ్లు తప్పవు!”

ఉప్పల్‌లో ఒక కాలనీ సంఘం వార్షిక సమావేశంలో ఉపేందర్ ఈ మాట అనగానే చప్పట్లు మోగాయి. సంఘం అధ్యక్షుడు సుబ్రహ్మణ్యం గారు రిటైరై ఆరేళ్లయినా ఆయన సంతకం ఇంకా రిటైరు కాలేదు. అక్కడికక్కడే తీర్మానం రాయించారు. “ఇందుమూలముగా శ్రీ ఉపేందర్ గారిని కాలనీ పాత వాహనముల సంరక్షణ సలహాదారుగా నియమించడమైనది.” శాలువా కూడా కప్పారు.

ఉపేందర్ నాచారంలో అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రెండేళ్ల కిందట పద్నాలుగేళ్ల కారొకటి కొన్నాడు. దానికి వారం వారం షాంపూతో తలంటు పోస్తాడు. సీట్లకు కొత్త తొడుగులు కుట్టించాడు. ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీశాడు. బానెట్ మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. ఎందుకంటే, ఎలా ఎత్తాలో తెలియదు!

సలహాలకేం, ఫోన్లో బోలెడు దొరికేవి. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటి వదిలేవాడు. టైర్లలో గాలి, బ్యాటరీ మీద తుప్పు, బ్రేకు ఆయిలు, ఇలా దేన్నీ విడిచిపెట్టలేదు. ఏడు కాకముందే “చెక్ చేశాను సార్” అంటూ ఇరవై బొటనవేళ్లు లేచేవి. అన్నిటికంటే ముందు అధ్యక్షుల వారి వేలు!

ఒక్క రూతు మాత్రం ఏ వేలూ ఎత్తేది కాదు. ఆమె నర్సు. ఆమె కారు ఉపేందర్ కారుకన్నా మూడేళ్లు పెద్దది. రంగు వెలిసిపోయి, తుప్పు చిల్లులతో దోమతెరలా ఉంటుంది. ‘మన సలహాలంటే ఈమెకు లెక్కే లేదు’ అని ఉపేందర్ లోలోపల నొచ్చుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో హిమజ పరీక్ష వచ్చింది. హిమజ ఉపేందర్ పక్క పోర్షన్లో అద్దెకుంటుంది. ట్యూషన్లు చెప్పుకుంటూ మూడేళ్లుగా సర్కారు కొలువు కోసం చదువుతోంది. సెంటరేమో అన్నోజిగూడ దగ్గర. నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు.

“ఆటో మాట్లాడుకుంట అంకుల్” అందామె.

“ఆటోనా? సలహాదారు పక్కింట్ల ఉండంగ ఆటోల పోతవా? నా ఇజ్జత్ ఏంగావాలె? ఫికర్ జెయ్యకు బిడ్డా, నేను దించొస్త!”

పరీక్ష ఆదివారం. ఆరింటికి ఉపేందర్ సలహా పంపాడు. “ప్రయాణమునకు ముందు ఆయిలు, నీళ్లు విధిగా పరీక్షించవలెను.” పంపి, పరీక్షించకుండా బయల్దేరాడు.

బోడుప్పల్ దాటారు. మేడిపల్లి దగ్గర ట్రాఫిక్‌లో ఆగారు.

“అంకుల్, ముందల పొగొస్తున్నది.”

“పొగ గాదమ్మా, ఏసీ సల్లదనం.”

“మనం ఏసీ ఎయ్యలేదు గద అంకుల్!”

అంతలో కారు ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ఉపేందర్ దిగి బానెట్ చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఏదో మీట లాగితే డిక్కీ తెరుచుకుంది. ఇంకోటి లాగితే పెట్రోలు మూత లేచింది. హిమజ గడియారం చూసుకుంది. ఆపైన ఫోను తీసి పాత మెసేజ్‌లు వెతికి గట్టిగా చదివింది.

“‘బానెట్ మీట డ్రైవరు మోకాలి వద్ద ఉండును.’ మీరే రాసిన్రు అంకుల్, ఉగాది ముందు.”

ఉపేందర్ తన సలహాను జీవితంలో మొదటిసారి పాటించాడు. బానెట్ లేచింది. గబుక్కున రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

“ఆగున్రి! ‘ఇంజన్ కాలుతున్నప్పుడు మూత తీయరాదు, ముఖము కాలును.’ ఇది గూడ మీదే!”

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిల్ల మూడేళ్ల చదువు తన కారులో కాలిపోతోంది. చెయ్యెత్తినా ఆటో ఒక్కటీ ఆగలేదు. హిమజ కళ్లలో నీళ్లు చూడలేక ఉపేందర్ రోడ్డుకు అడ్డంపడి చేతులూపాడు.

దోమతెర లాంటి కారొకటి వచ్చి ఆగింది. రూతు! నారపల్లిలో ప్రార్థనకు వెళ్తోంది. సంగతి ఒక్క మాటలో వింది.

“ఎక్కమ్మా” అంది హిమజతో. దిగి, ఇంజన్లోంచి ఆయిలు కొలిచే పుల్లను గుడ్డతో లాగి చూసింది. “అన్నా, పుల్లకు తడే లేదు. ఆదివారం ఆదివారం నువ్వు జెప్పినయన్ని నేను జేసిన గద. నువ్వు జెయ్యలేదా?”

జవాబు కోసం ఆగలేదు. కారు వెళ్లిపోయింది.

గేటు మూయడానికి మూడు నిమిషాల ముందు హిమజ లోపలికి వెళ్లిందని రూతు ఫోన్ చేసేదాకా ఉపేందర్ రోడ్డు పక్కన రాయి మీదే కూర్చున్నాడు. గ్రూపులో “తయారీలోనే సాంకేతిక లోపము” అని రాశాడు. చెరిపేశాడు. మళ్లీ రాశాడు. మళ్లీ చెరిపాడు.

సోమవారం పొద్దున్నే నాచారంలో శివ మెకానిక్ షెడ్డుకు వెళ్లాడు. కారును ముందురోజే అక్కడికి లాగించాడు. తీరా చూస్తే, తన కారు ఆగిన వార్త అప్పటికే పాకిందేమో, షెడ్డు ముందు కాలనీ కార్లన్నీ బారులు తీరి ఉన్నాయి! ఎదురింటి మహిపాల్ తన కారు హారన్‌కు గొంతు పోయిందన్నాడు. వెనకింటి గిరిప్రసాద్ ఊరికే ఇటు వచ్చానన్నాడు, కారుతో సహా. సుబ్రహ్మణ్యం గారు అద్దం తుడిపించుకోవడానికి వచ్చారట.

ఇంక దాచి లాభం లేదనుకున్నాడు ఉపేందర్.

“నా బండిల ఆయిల్ లేదు, నీళ్లు లేవు. రెండేండ్లల్ల ఒక్కసారి గూడ సూడలేదు. అవన్నీ ఫోన్ల సదివి పంపిన. తప్పయింది.”

“ఎంత నిర్లక్ష్యం!” సుబ్రహ్మణ్యం గారు మండిపడ్డారు. “మేమంతా మీ మాట నమ్మి ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, స్వయంగా పరీక్షించి, గ్రూపులో నమోదు చేశామే! ఆ శాలువా సంఘానికి వాపసు ఇవ్వండి!”

“ఇజ్జత్ తీసినవ్ బావా!” మహిపాల్ వంతపాడాడు.

ఉపేందర్ తల దించుకున్నాడు. ఈ గొడవంతా పట్టని శివ ఈలోగా అధ్యక్షుల వారి కారు బానెట్ ఎత్తాడు. ఎత్తి, అట్లాగే నిలబడిపోయాడు.

“సార్, జర ఇట్ల రాన్రి.”

అందరూ వంగి చూశారు. బ్యాటరీ పక్కన కాగితాలు, గుడ్డపేలికలు పరుచుకుని ఒక ఎలుక దర్జాగా పడుకుని ఉంది. దాని పక్కన ఎర్రెర్రగా, కళ్లు తెరవని ఐదు పిల్లలు.

శివ గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

“సార్, నిన్న ఆదివారం మీరు సూసినప్పుడు ఇది కన్నదా, ఇంకా కనలేదా?”