కుర్చీ దిగని వెండెల్

ప్రపంచంలో మిగతా చోట్ల కుర్చీ ఎక్కాలని కొట్టుకు చచ్చేవాడికి పదవి వస్తుంది. వెస్ట్ హార్లోలో కుర్చీ దిగినవాడికి వస్తుంది. ప్రజాస్వామ్యం ఇంతకంటే స్వచ్ఛంగా మానవజాతికి ఇంకెక్కడా దొరకలేదని ఆ ఊరి గట్టి నమ్మకం. (ఊళ్ళో ఉన్నది ఆరువందల పదకొండు మంది. ఈస్ట్ హార్లో అనే ఊరు లేదు. ఎందుకు లేదో తేల్చడానికి కమిటీ వేశారు. నివేదిక రావాల్సి ఉంది.)

వెర్మాంట్ ఊళ్ళన్నిటిలాగే అక్కడా మార్చి మొదటి మంగళవారం జనం బడి వ్యాయామశాలలో మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. బడ్జెట్టూ, వంతెనా, ఊరి అధికారులూ, అన్నీ ఆ పూటే చేతులెత్తి తేల్చేయాలి. ఆ అధికారాలు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి తాతల నాటి నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ఎన్నిక సమయానికి హాల్లో లేనివాణ్ణి ఎన్నుకోవాలి. లేనివాడు వద్దనలేడు. వద్దనలేనివాడు ఏకగ్రీవం. పెదవి విప్పితే పదవి తప్పుతుంది, గడప దాటితే పదవి తగులుతుంది.

ఈ శాస్త్రాన్ని మథించినవాడు వెండెల్ పార్ట్రిడ్జ్. చెట్లు కోసే మిషన్ రంపాలు బాగుచేస్తాడు, వయసు అరవై. ముప్ఫై ఒక్క సభలకి వచ్చాడు, ముప్ఫై ఒక్క సార్లూ మొదటి గంట నుంచి చివరి చప్పట్ల దాకా కుర్చీ దిగలేదు. ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తాడు. అలాగని దేశసేవకి దూరంగా ఉండే మనిషేం కాదు. తన ఇంటి ముందు రోడ్డులో ఉన్న గుంట గురించి ఏటా గంట మాట్లాడతాడు. గుంట పూడలేదు, గంట తగ్గలేదు. ఫిర్యాదు చెయ్యడం పౌరుడి హక్కనీ, దాన్ని తీర్చడం ఇంకో పౌరుడి ఖర్మ అనీ ఆయన రాజ్యాంగం.

ఈ ఏడు ప్రమాదం పెద్దది. రోడ్ల కమిషనర్ జనవరిలో మంచు తోసే బండి తాళాలూ, కమిషనర్ ఫోనూ ఊరి ఆఫీసు బల్ల మీద పెట్టి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. మంచు కరిగి రోడ్లన్నీ పాయసమయ్యే బురదకాలం తలుపు దగ్గరే ఉంది. ఎవరి బండి దిగబడినా ఆ ఫోనే మోగుతుంది, వేళాపాళా లేకుండా. ఇవాళ ఆ ఫోను సభలో అందరి ముందూ బల్ల మీద కూర్చుని, పది నిమిషాలకోసారి మోగుతూ, కాబోయే యజమాని కోసం కలయజూస్తోంది. ఈ ఉద్యోగంలో బిరుదు కంటే బురద ఎక్కువని ఊరందరికీ తెలుసు.

తొమ్మిదీ నలభైకి సభాధ్యక్షురాలు థియోడోరా క్రామ్ మైకు ముందుకి వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ రిటైర్డ్ టీచరు. హాల్లో సగం మంది ఆమె దగ్గర మూడో తరగతి చదివారు, మిగతా సగం తప్పారు.

"పదకొండో అంశం, కంచె!" అంది ఆమె. పొలం గట్ల తగాదాలు తీర్చే కంచెల పరిశీలకులని ఎన్నుకోవాలని ఆమె భావం. కానీ ఆ మైకుకి మాటల చివరలు మింగే అలవాటుంది. వెనక వరసలకి 'కంచం' అని వినబడింది. భోజనానికి పిలిచారనుకుని ముప్ఫై ఎనిమిది మంది పౌరులు ఒక్కసారిగా లేచి పక్కగదిలోకి దూసుకుపోయారు.

వెండెల్ పక్కన కూర్చున్న బావమరిది, చెల్లెలి మొగుడు ఆర్మాన్ కూడా సగం లేచాడు. వెండెల్ వాడి చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చోరా! తొమ్మిదీ నలభైకి భోజనమేంటి?"

"బీన్స్ వాసన వస్తోంది బావా. మీ చెల్లెలు మేపుల్ పాకం కూడా పోసింది."

"వాసన వచ్చి పోతుంది. పదవి వస్తే ఏడాది దాకా పోదు."

హాల్లో మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత పెద్ద గైర్హాజరు ఆ ఊరి చరిత్రలో లేదు. ఎనిమిది నిమిషాల్లో ముగ్గురు కంచెల పరిశీలకులూ, ఒక కలప తనిఖీదారూ, దారితప్పిన పశువుల బందెలదొడ్డి అధికారీ, బొగ్గు తూచే అధికారీ ఏకగ్రీవంగా ఎన్నికైపోయారు. (ఊరికి బొగ్గు వచ్చి అరవై ఏళ్ళయింది. అయినా రేపు వస్తే?) ముప్ఫై ఎనిమిది మందీ బీన్స్ కంచాలతో తిరిగి వచ్చేసరికి వాళ్ళలో ఆరుగురు ప్రభుత్వంలో ఉన్నారు.

తరువాతి అంశం బడి బడ్జెట్. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరూ వ్యతిరేకించలేదు. ఒక నిమిషంలో నెగ్గింది.

ఆ తరువాత రోడ్ల కమిషనర్.

హాలు బిగుసుకుపోయింది. నూట నలభై మంది కుర్చీలకి అతుక్కుపోయారు. దగ్గు వచ్చినవాళ్ళు బయటికి వెళ్ళకుండా మింగేశారు. బల్ల మీద ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే వెండెల్‌కి కాఫీ జ్ఞాపకమొచ్చింది. పొద్దున భార్య లొరేన్ పెట్టిన పలహారంలో పందిమాంసం ఉప్పుకషాయంలా ఉంది. దాహం ఆగక, సభలో కాఫీ బల్ల దగ్గర కూర్చున్న అదే లొరేన్ పోస్తే మూడు కప్పులు తాగాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ నిష్ఠ ఇప్పుడు నడుము కింద ఒత్తుతోంది. సభలో ఎంత పెద్ద శంకలైనా తీరుస్తారు గానీ, లఘుశంకకి మాత్రం నియమావళిలో చోటు లేదు.

వెండెల్ మెల్లిగా చిటికెన వేలు ఎత్తాడు.

"మూడో తరగతిలో కూడా నువ్వింతే వెండెల్," అంది థియోడోరా. "గౌరవ సభ్యులు ఏమంటున్నారు?"

"అధ్యక్షా, ఐదు నిమిషాలు విరామం కోరుతున్నాను."

విరామం వీగిపోయింది. విరామం నుంచి ఆఖరున తిరిగొచ్చేవాడి గతి ఏమవుతుందో అందరికీ తెలుసు.

"అధ్యక్షా," అని కాఫీ బల్ల దగ్గర నుంచి లొరేన్ లేచింది. సభలో ఎవరితో మాట్లాడినా అధ్యక్షులవారితోనే మాట్లాడాలి, మొగుడితో అయినా సరే. "మూడో కప్పు వద్దని ఆయనకి నేను చెప్పానేమో అడగండి."

"అధ్యక్షా, చెప్పలేదని ఆవిడకి చెప్పండి!"

"అధ్యక్షా, చెప్పలేదు. నిజమే. ఆయన ఇంట్లో ఎప్పుడు విన్నాడని చెప్పాలి?"

"ఇంటి సంగతులు ఇరవై రెండో అంశం కింద వస్తాయి," అంది థియోడోరా.

వెండెల్ కాళ్ళు రెండూ మెలేసుకుని, గొంతు సవరించుకుని, చరిత్రలో నిలిచిపోయే ప్రతిపాదన చేశాడు. "అధ్యక్షా! ఈ బడి మరుగుదొడ్డి ఈ సభలో అంతర్భాగమనీ, అందులో ఉన్నవాళ్ళు సభలో హాజరైనట్టేననీ తీర్మానించాలి. నా మానం ఈ తీర్మానం చేతిలో ఉంది."

చర్చ నలభై నిమిషాలు సాగింది. 'గౌరవంగా నడిచి వెళ్ళేవారికి మాత్రమే' అని ఒకరు సవరణ తెచ్చారు. 'గౌరవంగా' తీసేయాలని ఇంకొకరు సవరణకి సవరణ తెచ్చారు. 'నడిచి' కూడా తీసేయమని వెండెల్ బతిమాలాడు.

ఆర్మాన్ లేచాడు. "అధ్యక్షా, మరుగుదొడ్డి సభలో భాగమైతే, అక్కడ కూడా ప్రతి మాటా మిమ్మల్ని సంబోధించే అనాలా?"

"అక్కర్లేదు," అంది థియోడోరా. "అక్కడ నన్ను తలుచుకోవద్దని నా మనవి."

"బావా, నీకు అనుమతి దొరికినట్టే," అన్నాడు ఆర్మాన్ కూర్చుంటూ. "కాస్త ఆగు. ఆగగలిగితే."

"నోర్ముయ్యరా. నవ్వించకు, చచ్చిపోతాను."

చివరికి లొరేన్ మళ్ళీ లేచి, "అధ్యక్షా, మా ఆయన తీర్మానాన్ని నేను బలపరుస్తున్నాను," అంది.

వెండెల్ కళ్ళు చెమర్చాయి. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆమె ఆయన మాటని బలపరచడం ఇదే మొదలు. (అనుమానించాల్సిన చోట ఆనందించడం పౌరులకి పరిపాటి.)

తీర్మానం డెబ్భై ఒకటికి అరవై తొమ్మిది ఓట్లతో నెగ్గింది. మరుగుదొడ్డి ప్రజాస్వామ్యంలో విలీనమైంది. వెండెల్ లేచాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ తరువాత మొదటిసారి, నిండు సభలో, చట్టబద్ధంగా పరిగెత్తాడు.

లోపల ఆయన పొందిన స్వాతంత్ర్యం వర్ణించడానికి నియమావళి అనుమతించదు. పాట కూడా అందుకున్నాడు. చేతులు కడుక్కుని, వేడిగాలి ఊదే మిషన్ మీట నొక్కాడు. బడి కొన్న రోజు నుంచీ ఆ మిషన్‌కి విమానం గొంతు. ఒకసారి మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు. దాని కింద చేతులు పెట్టి, వచ్చే ఏడు గుంట గురించి గంటన్నర మాట్లాడాలని నిశ్చయించుకున్నాడు.

ఆ ఊదుడు ఆగి ఆయన తలుపు తీసేసరికి సభ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. తన తీర్మానానికే అనుకుని వెండెల్ నాలుగు వైపులా వంగి దండం పెట్టాడు. ఆర్మాన్ ఎదురొచ్చి ఫోను చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"కమిషనర్ బావగారూ, మోగుతోంది. ఎత్తండి."

వెండెల్ మొహం కాఫీ రంగుకి తిరిగింది. "అధ్యక్షా! ఇది అన్యాయం! లేనివాళ్ళని కదా ఎన్నుకోవాలి? నేను హాజరై ఉన్నాను!"

"నిజమే," అంది థియోడోరా. "హాజరైనవాళ్ళకి వద్దనే హక్కు ఉంది. అందుకే మీకు అభ్యంతరముందా అని మూడుసార్లు అడిగాను. మీరు పలకలేదు."

"నేను హాల్లో లేనుగా!"

"అంటే గైర్హాజరా? అలాగైతే అడగక్కర్లేదు, పాత పద్ధతిలో ఎన్నికైనట్టే. ఏది రాసుకోమంటావు వెండెల్? నెమ్మదిగా ఆలోచించుకుని చెప్పు."

వెండెల్ నోరు తెరిచాడు. హాజరు గుర్తొచ్చింది, మూశాడు. మళ్ళీ తెరిచాడు. గైర్హాజరు గుర్తొచ్చింది, మూశాడు.

"నా పేరు ప్రతిపాదించింది ఎవరు?" అన్నాడు చివరికి.

కాఫీ బల్ల దగ్గర లొరేన్ చెయ్యెత్తింది. "అధ్యక్షా, ఆ గుంట గురించి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ పొద్దున్నే నేను విన్నాను. ఇకనుంచి ఆయన ఫిర్యాదు ఆయనకే చేసుకోవచ్చు. ఫోను కూడా ఉంది."

వెనక వరసలో బొగ్గు తూచే అధికారి కంచంతో సహా లేచాడు. "అధ్యక్షా, ఆయన సంగతి సరే. భోజనానికి పిలిచి మాకు పదవులు అంటగట్టారేంటి? ఇదెక్కడి మర్యాద?"

అప్పుడు థియోడోరా మైకు పక్కకి నెట్టి, సొంత గొంతుతో, మూడో తరగతికి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. తను పిలిచింది కంచెకి. వాళ్ళు లేచింది కంచానికి. మధ్యలో చివరి అక్షరం మింగింది ఈ మైకు. ముప్ఫై ఎనిమిది మందీ ఒకేసారి "ఓహో" అన్నారు. కొందరు బీన్స్ వైపు అనుమానంగా చూశారు.

"అధ్యక్షా, ఇంత అనర్థం జరిగాక ఈ మైకుని వెంటనే బాగుచేయించాలని ప్రతిపాదిస్తున్నాను," అన్నాడు బొగ్గు అధికారి ఆవేశంగా. అన్నాక, పదవీకాలం ఏడాదేననీ, వచ్చే ఏడూ ఇదే మైకనీ గుర్తొచ్చి, ఒక్క క్షణం లెక్క వేసుకుని మెల్లిగా కూర్చున్నాడు.

తీర్మానం ఓటుకి వచ్చింది. అనుకూలంగా ఒక్క చెయ్యీ లేవలేదు, ప్రతిపాదించినవాడిది కూడా. వ్యతిరేకంగా అందరికంటే ముందు లేచిన చెయ్యి రోడ్ల కమిషనర్‌ది. రెండో చేత్తో ఆయన ఫోను చెవికి పెట్టుకుని, మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామని ఎవరికో చెబుతున్నాడు.