సోడా పొగమంచు

ఆవకాయ పెట్టే వేళకు అత్తగారికి కొత్త జాడీ చేసివ్వాలన్నదే ఆ ఉదయం సూర్యకళ సంకల్పం. తాతలనాటి జాడీ పోయినేడు సూర్యకళ చేతిలోంచే జారి పగిలింది. అత్తగారు లోవమ్మ పన్నెత్తి మాట అనలేదు. కోడలికి అదే పెద్ద శిక్ష. అందుకే తనే మట్టి పిసికి, చక్రం మీద జాడీ లేపి, పెరట్లో తను కుండలు కాల్చే గ్యాస్ బట్టీలోకి ఎక్కించింది.

కోడి కూయకముందే వెలిగించిన బట్టీ వంటల వేళకు బాగా కాగింది. కన్నంలోంచి చూస్తే జాడీ మిగలపండిన బంగినపల్లిలా వెలుగుతోంది. చూస్తూ చూస్తూ సూర్యకళకు సంబరంతో ఒళ్ళు గాలిలో తేలినట్టయింది. వంటసోడా కలిపిన వేడినీళ్ళను పురుగుమందు కొట్టే స్ప్రేయరుతో లోపలికి చిమ్మింది. ఆ వేడికి సోడా ఆవిరై, మట్టికి పట్టి గాజులా మెరవాలి. పట్టగా మిగిలిన ఆవిరి గొట్టంలోంచి లేచి, కొబ్బరిమట్టల మీద కాసేపు ఆగి, గోదావరి మీది మంచులా ఊరి మీద వాలింది.

ఆ ఊరి పొలాల కింద గ్యాస్ పైపులైను ఉంది. ఏటా కంపెనీవాళ్ళు వచ్చి, తెల్లపొగ కనబడితే పొయ్యిలార్పి కబురు చెయ్యమని చెప్పి, బిస్కెట్లు పంచి వెళ్తారు. మాజీ ప్రెసిడెంటు పల్లంరాజు గారు పొగ చూశారు. పరుగున పోయి రామాలయం మైకు అందుకున్నారు.

"లీకేజీ! పొయ్యిలార్పండి! అగ్గిపుల్ల గీశారంటే మర్యాద దక్కదు!"

అన్నాలు సగం ఉడుకులో దిగిపోయాయి. వీధి మొదట్లో "పైపు కారుతోందంట" అన్న మాట వీధి చివరికి "పక్కూరు లేదంటండి!" అయింది. పిల్లలతో, దూడలతో జనం ఏటిగట్టెక్కారు. ఒకాయన టీవీ ఎత్తుకొచ్చాడు. పల్లంరాజు గారు పొగ వెంట పెరట్లోకొచ్చి, బట్టీ సిలిండర్లు కట్టేశారు.

"అయ్యో, ఆపకండి బాబాయిగారూ! అది సోడా ఆవిరండి. జాడీ పాడైపోద్ది!"

"ఊరే పోతుంటే జాడీ ఏంటమ్మా నీకు?"

"ఊరెక్కడికీ పోలేదు లెండి, మీ గొంతే పోయేలా ఉంది," అంది లోవమ్మ.

కన్నంలో బంగినపల్లి ఎర్రబడి, నల్లబడుతోంది. సూర్యకళ కళ్ళు చెమర్చాయి.

ఇంతలో కబురందుకుని కంపెనీ జీపు వచ్చింది. శ్యాంబాబు అనే ఉద్యోగి గ్యాస్ పసిగట్టే మిషను బట్టీ చుట్టూ తిప్పాడు. అది కిక్కురుమనలేదు. చుట్టుపక్కల ఇళ్ళూ చూడాలని బయల్దేరాడు. పల్లంరాజు గారి వంటింటి గడపలో మిషను కెవ్వుమంది.

"మీ స్టవ్ ట్యూబు చిల్లిపడిందండి. మైకు హడావిడిలో సిలిండరు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నారు."

"సిలిండరు బానే ఉందా బాబూ?" వెనకే వచ్చిన లోవమ్మ అడిగింది. చల్లారిన బట్టీని మళ్ళీ కాచడానికి కోడలి సిలిండర్లలో మిగిలింది చాలదని ఆమెకు తెలుసు.

"నిక్షేపంలా ఉందండి, నిండుగా ఉంది. ట్యూబు మార్చేదాకా బయట పెట్టించండి."

"మా పెరడు బయటేగా!"

గట్టు దిగొచ్చిన ఊరి ముందు పల్లంరాజు గారు తలూపి, సిలిండరును వాళ్ళ పెరట్లోకి మోయించారు.

మర్నాడు సాయంత్రం జాడీ బయటికొచ్చింది. ఒకపక్క నిగనిగలు, మరోపక్క మంచు విడని ఏటి మసక. లోవమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "ఇందులో కారం పొయ్యడానికి మనసొప్పట్లేదే అమ్మాయ్" అంది.

జాడీ చూడ్డానికి ఊరంతా వచ్చింది. పల్లంరాజు గారు మాత్రం ఖాళీ సిలిండరు కోసం వచ్చారు.