లూర్దమ్మ అభిప్రాయం నమోదైంది

ప్రజాభిప్రాయ సేకరణను తిట్టేవాళ్ళను తిట్టుకోనివ్వండి. ఈ దేశంలో పేదవాళ్ళకు అందిన వరాల్లో అంత గొప్పది ఇంకొకటి లేదు! రేషన్ బియ్యం నెలకోసారి వస్తాయి. నల్లా నీళ్ళు వస్తే వస్తాయి, లేకపోతే లేదు. అభిప్రాయం మాత్రం మనిషి దగ్గర ఎప్పుడూ నిలవ ఉంటుంది. దాన్ని అడిగి మరీ పట్టుకుపోయేవాళ్ళు దొరకడం కన్నా అదృష్టం ఏముంది?

నమ్మకం కలగడం లేదా? అయితే చంద్రపూర్‌లో, బాబుపేట్‌లో ఉండే లూర్దమ్మ సంగతి వినండి.

లూర్దమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. భర్త గాబ్రియేలు ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు. గని ఆయన్ను వదిలింది గాని దుమ్ము వదల్లేదు. ఇంటి ముందు నుంచి పొద్దస్తమానం బొగ్గు లారీలు పైన ఏ కప్పూ లేకుండా పోతుంటాయి. పొద్దున ఆరేసిన తెల్ల దుప్పటి మధ్యాహ్నానికి బూడిదరంగు తేలుతుంది. వెల్లకిలా పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది కాబట్టి గాబ్రియేలు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. అట్లా నాలుగేళ్ళు.

చివరికి లూర్దమ్మ గల్లీలో పదకొండు మంది ఆడవాళ్ళను పోగుచేసి ఒక సంఘం పెట్టింది. వాళ్ళకు కావలసింది ఒక్కటే. లారీల మీద తాడ్‌పత్రి. టార్పాలిన్ పట్టాను అక్కడ అందరూ ఆ మరాఠీ మాటతోనే పిలుస్తారు.

సంఘం మొదట ఊళ్ళోనే ఒక ఆఫీసుకు పోయింది. అక్కడి సాహెబ్ కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు, అర్జీ రెండుసార్లు చదివాడు. తర్వాత, ఇది పాలసీ మ్యాటర్ అనీ, ఢిల్లీ తేల్చాల్సిందనీ విచారంగా చెప్పాడు. లారీ మీద పట్టా కప్పి తాడు బిగించడం పాలసీ ఎప్పుడైందో లూర్దమ్మకు అర్థం కాలేదు. అయినా చాయ్ తాగి వచ్చింది.

ఆమె చెల్లెలి కూతురు జెస్లిన్ సోషల్ వర్క్ చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. మరాఠీ, ఇంగ్లీషు రెండూ గడగడా చదువుతుంది. ఒకరోజు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, ఢిల్లీల బొగ్గు లారీల మీద కొత్త పాలసీ రాస్తుండ్రంట. మనల్ని గూడ అడుగుతుండ్రు."

"మనల్నా? మనమెవలమో వాళ్ళకేం ఎర్క?"

"స్టేక్‌హోల్డర్స్ అని రాసిండ్రు."

"అంటె ఏంది?"

"దుమ్ము మింగెటోళ్ళని."

ముసాయిదా రెండు వందల పన్నెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. అభిప్రాయానికి మాత్రం ఐదు వందల అక్షరాలే చోటు. గాబ్రియేలు దగ్గుకే మూడు వందలు పోయాయి. మిగిలిన చోట్లో తాడ్‌పత్రిని ఇరికించి పంపారు. వెంటనే జవాబు వచ్చింది: మీ అభిప్రాయం నమోదైంది. లూర్దమ్మ దాన్ని ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, ఏసుప్రభువు పటం పక్కన పెట్టింది.

రెండు నెలలకు ఢిల్లీ నుంచి ఇంకో ఉత్తరం. ఈ అంశం అంతర్జాతీయ ఒప్పందాలతో ముడిపడి ఉన్నందున, విదేశాల్లోని ఒక పెద్ద సంస్థ ప్రపంచ ప్రజల గొంతు వినబోతోందని, అందులో బాబుపేట్ గొంతు కూడా ఉండాలని. చూశారా? ఊళ్ళో ఆఫీసులో చెల్లని గొంతు, సముద్రాలు దాటబోతోంది!

వీడియో మీటింగు రోజు లూర్దమ్మ చర్చికి కట్టే చీర కట్టుకుంది. జెస్లిన్ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించింది. ముందుగా ఒక పెద్దమనిషి, సామాన్యుల మాట వినడం ఎంత అవసరమో పంతొమ్మిది నిమిషాలు చెప్పాడు. సామాన్యులకు తలా రెండు నిమిషాలు ఇచ్చారు. లూర్దమ్మకు అంత కూడా అక్కరలేకపోయింది.

"నమస్తె. మా ఇంటాయన దగ్గుతుండు. లారీల మీద తాడ్‌పత్రి కప్పుండ్రి. గంతే."

తెరంతా ఎర్రటి హృదయాలు తేలాయి. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

మూడు నెలలకు నివేదిక వచ్చింది. ఎనభై ఎనిమిదో పేజీలో లూర్దమ్మ ఫొటో ఉంది. కింద రాసింది జెస్లిన్ ఒకటికి రెండుసార్లు చదివి, గొంతు సవరించుకుంది.

"పెద్దమ్మా, బాబుపేట్ ఆడోళ్ళు బొగ్గును తాటాకులతోని కప్పే పాతకాలపు విద్యను కాపాడుతుండ్రంట. దాన్ని దునియా మొత్తం నేర్సుకోవాల్నంట."

మీటింగులో మాటలు మార్చి చెప్పిన దుబాసీ ఎక్కడివాడో, తాడ్‌పత్రి ఎరగడు. తాడ్ అంటే తాటిచెట్టు, పత్రి అంటే ఆకు అనుకున్నాడు. గాబ్రియేలు నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు. లూర్దమ్మ నవ్వలేదు. ఆయన వీపు రాస్తూ, "తప్పు దిద్దుమని రాయి బిడ్డా" అంది. జెస్లిన్ రాసింది. మీ అభిప్రాయం నమోదైంది అని జవాబు వచ్చింది.

నివేదిక విదేశాల నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి ముంబైకి, ముంబై నుంచి జిల్లాకు దిగింది. ఒక్కో మెట్టు మీద ఒక్కో ముద్ర పడింది. ఆ తాటాకుల విద్యను కళ్ళారా చూసి రమ్మని ఆరుగురి కమిటీని పంపారు.

కమిటీ వచ్చే రోజు పొద్దున ఆరు గంటలకు నీళ్ళ ట్యాంకర్ వచ్చి బాబుపేట్ రోడ్డంతా తడిపింది. ఎనిమిదింటికి ఇంకోసారి తడిపింది. లారీలను ఊరి బయటి దారికి మళ్ళించారు. లూర్దమ్మ తెల్ల దుప్పటి ఆరేసింది. పదకొండింటికి చూస్తే తెల్లగానే ఉంది. అరుగు మీద గాబ్రియేలు మంచంలో వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. దగ్గు లేదు. లూర్దమ్మ అక్కడే నిలబడిపోయింది. కమిటీ కోసం వేసిన టెంటు కింద నుంచి జెస్లిన్ మూడుసార్లు పిలిస్తే గాని కదల్లేదు.

"ఇన్నొద్దులు వీళ్ళకు శాతకాదేమో అనుకున్న" అంది జెస్లిన్‌తో, మెల్లగా. "శాతనైతది."

కమిటీ పెద్ద హిందీలో అడిగాడు, తాటాకులు ఏవీ అని. ఆకులు కావు, పట్టాలు అని చెప్పాలనే లూర్దమ్మ బయలుదేరింది. పదకొండు మంది ఆడవాళ్ళూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె తడి రోడ్డు వైపు చూసింది.

"గిప్పుడు ఆకుల కాలం కాదు సార్. వచ్చే నెల రాండ్రి, సూపిస్త."

జెస్లిన్ నోరు తెరిచింది. పెద్దమ్మ ముఖం చూసి, మూసుకుని, హిందీలో చెప్పేసింది.

ఇంకేమైనా సూచనలు ఉన్నాయా అని అడిగాడాయన.

"వారం వారం వచ్చి మా అభిప్రాయం అడుగుండ్రి సార్. మేం చెప్పేదేం లేదు. మీరొస్తె సాలు."

ఇందులో మొదటి మాట ఒక్కటే జెస్లిన్ హిందీలోకి మార్చింది. ఆయన కదిలిపోయాడు. ప్రజలు మరిన్ని సంప్రదింపులను మనస్ఫూర్తిగా కోరుతున్నారని అక్కడికక్కడే రాసుకున్నాడు.

మర్నాడు ట్యాంకర్ రాలేదు. లారీలు వచ్చాయి.

అప్పటి నుంచి బాబుపేట్ సంఘం దేశంలో వెలువడే ఏ ముసాయిదానూ వదలడం లేదు. ఆపిల్ తోటల విధానం, విమానాశ్రయాల విధానం, ఒంటెల సంరక్షణ, అన్నిటికీ అభిప్రాయం పంపుతోంది. ప్రతి దాని చివరా ఒకే వాక్యం ఉంటుంది: దయచేసి స్వయంగా వచ్చి పరిశీలించండి. ఐదు నెలల్లో నాలుగు కమిటీలు వచ్చాయి. నాలుగుసార్లు రోడ్డు తడిసింది. ఇప్పుడు చెప్పండి, అభిప్రాయ సేకరణ వరం కాదా?

మొన్న జెస్లిన్ ఫోన్ చూస్తూ తటపటాయించింది.

"పెద్దమ్మా, ఇది సముద్రంల చేపలు పట్టేటోళ్ళ పాలసీ. మనకు సముద్రం ఏడున్నది?"

"రాయి బిడ్డా" అంది లూర్దమ్మ, దుప్పటి దులుపుతూ. "వచ్చి, సముద్రం లేదని సూస్కోని పోతరు. ఆ ఒక్క దినం మీ పెద్దబాపు పండుకుంటడు."