అన్నిటికీ సరేనన్న నెనిటా అక్క

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో, ఎండు మామిడి కంపెనీ ఆఫీసులో ఆ మంగళవారం జోవెలిన్ పెట్టుకున్న పని చిన్నదే. ఉద్యోగుల అర్జీలను పై వాళ్లకు చేరవేసే ప్రోగ్రామును పదింటికల్లా, పరీక్షించి చూసుకునే ప్రయోగపు కాపీ నుంచి అందరూ వాడే అసలు కాపీలోకి మార్చాలి. ఆమె ఉద్యోగం ఖాయమో కాదో శుక్రవారం తేలుతుంది.

ఆ ప్రోగ్రాము అదే ఆఫీసులో సీనియరు నెనిటా అక్క కట్టినది. అందులో ఎక్కడా మనిషి పేరుండదు. ఏ అర్జీ ఎవరికి వెళ్లాలో విడిగా ఒక పట్టీలో ఉంటుంది. అసలు కాపీకొక పట్టీ, ప్రయోగపు కాపీకొక పట్టీ. ఈ రెండోదానిలో అక్క పేరొక్కటే, పరీక్షకు పెట్టే అర్జీలన్నీ ఆమెకే వెళ్లేలా. "కూర ఒకటే అమ్మాయ్, వడ్డించే ఇళ్లే వేరు" అనేది అక్క. ఆ తెలివికి జోవెలిన్ రోజూ ముచ్చటపడేది.

ఆ రోజు ముచ్చటపడుతూనే, కూరతో పాటు ప్రయోగపు పట్టీని కూడా అసలు ఇంటికి మోసుకుపోయింది.

సెలవులో ఉన్న నెనిటా అక్క మేనకోడలి పెళ్లి విందులో కాల్చిన పంది మాంసం ముందు కూర్చుంది. ఫోను టింగుమంది. 'పిల్ల పరీక్షలు పెడుతోంది కాబోలు' అనుకుని, వచ్చిన అర్జీకల్లా సరే నొక్కింది.

అసలే మే నెల. బొహోల్ దీవిలో రోజుకో ఊరి తిరునాళ్లు. ఆఫీసులో సగం మంది ఆ దీవివాళ్లే. ఏటా వాళ్లు సెలవడుగుతారు, ఏటా మేనేజరు ఎల్పీడియో తిప్పికొడతాడు.

"ఒసేయ్, నాకు సెలవొచ్చింది!" అన్నాడు గోదాము నార్సిసో.

"నాకూను! సార్‌కి ఒంట్లో బాగుందంటావా?" అంది ఫ్లోర్డెలిజా.

"వెళ్లి అడక్కే తల్లీ, మనసు మార్చుకుంటాడు! పడవ నాలుగింటికి. పద, పద!"

మధ్యాహ్నానికి ఆఫీసులో మోగే ఫోన్లే తప్ప ఎత్తే చేతుల్లేవు. జోవెలిన్ అసలు కాపీ పట్టీ తెరిచి చూస్తే, అందులో నెనిటా అక్క పేరొక్కటే ఉంది. దిద్దబోతుంటే ఎల్పీడియో గది తలుపు తెరుచుకుంది.

"ఇదంతా నీ పనేనా?"

"అవును సార్, నాదే తప్పు. అర నిమిషంలో సరిచేస్తాను."

"ఆగాగు!" ఆయన గొంతు తగ్గించాడు. "నాకూ సెలవొచ్చింది. పెద్దాఫీసువాళ్లు నాలుగేళ్లుగా ఇవ్వట్లేదు. ఇది చెల్లుతుందా?"

"అసలు కాపీలో సరే అంటే సరేనండి."

"మా ఊరి తిరునాళ్ల బ్యాండులో పెద్ద డోలు నాది. నాలుగేళ్లుగా దాన్ని మా బావమరిది చావబాదుతున్నాడు. నాలుగుంబావుకి సరిచెయ్యి. అందాకా నేను చూళ్లేదు, నువ్వు చెప్పలేదు."

వెళ్తూ వెళ్తూ ఆయన కూడా ఏదో అర్జీ పెట్టి పోయాడు.

నాలుగుంబావుకి జోవెలిన్ పట్టీ మార్చింది. మారింది ఒక్క వరసే. ప్రోగ్రాములో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేకపోయింది. ఖాళీ ఆఫీసులో నిలబడి నెనిటా అక్కకు మనసులోనే దండం పెట్టుకుంది.

మర్నాడు అక్క నవ్వుతూ వచ్చింది. "పరీక్షలు భలే నిజంలా పెట్టావే! చివర్లో మన ఎల్పీడియో పేరుతో 'జోవెలిన్ ఉద్యోగం ఖాయం చేయండి' అని కూడానా? నవ్వాగలేదు. దానికీ సరే కొట్టాను."

అది పరీక్ష కాదని చెప్పడానికి మాత్రం జోవెలిన్‌కు అర నిమిషం చాలలేదు.