పోచమ్మగారి ఫ్లాటు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఏడో ఏట, మా ఆయన పోయాక. ఒత్తులు ఇప్పటికీ అటూ ఇటూ అవుతాయి. ఒక పేజీ నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులు కనబడితే మనసులో దిద్దుకుని ముందుకు సాగండి. కథలో జరిగిన తప్పు మాత్రం నాది కాదు.

జనవరి నెల, శనివారం పొద్దున. తెల్లాపూర్‌లో పెద్ద గేటున్న అపార్ట్‌మెంట్లలో పదకొండో అంతస్తు. ఆ రోజుకు వెంకట్ వేసుకున్న ప్లాను చిన్నదే. కాఫీ తాగి, ఆఫీసువాళ్లు అడిగిన పన్ను కాగితాలు పంపేసి, భార్య ఉమాశ్రీతో కలిసి పెసరట్టు తినడానికి కూకట్‌పల్లి వెళ్లాలి. వెంకట్ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టీమ్ లీడరు. అద్దె కట్టేవాళ్లకు జీతం మీద పన్ను తగ్గుతుంది కాబట్టి, అద్దె ఇంట్లో ఉంటున్నానని ఏడాది మొదట్లోనే ఆఫీసులో రాసిచ్చాడు. ఇప్పుడు వాళ్లు అద్దె రసీదులు, ఇంటి ఓనరు పాన్ నంబరు అడుగుతున్నారు. ఉంటున్నది ఉమాశ్రీ పేరున కొన్న సొంత ఫ్లాటు. వచ్చిన ఇబ్బంది అదొక్కటే.

పక్క సీటులో పనిచేసే శ్యామ్‌కు ఫోన్ చేశాడు. శ్యామ్ నవ్వి, ఎవరి పాన్ కార్డు చేతికి దొరికితే వాళ్లే ఓనరని, తన ఓనరు రెండేళ్లుగా ఇస్త్రీ బండి మునిస్వామి అని చెప్పాడు. ఫోను పెట్టేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడింది. పనిమనిషి పోచమ్మ అంట్లు తోముతోంది.

పోచమ్మకు పాన్ కార్డు లేదు. ఆధార్ ఉంది. ఆమె ఫోనుకు వచ్చిన అంకెలు చదివి, వెంకట్ ఆ పొద్దుటే కంప్యూటర్‌లో కార్డు తెప్పించాడు. మిగిలిన చిక్కు ఉమాశ్రీ కనిపెట్టింది. పదకొండో అంతస్తులో ఫ్లాటు ఉన్న మనిషి రసీదు మీద వేలిముద్ర వేస్తే నమ్మేదెవరు? అందుకని పోచమ్మను మొదటిసారి డైనింగ్ టేబుల్ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, పేరు రాయడం నేర్పించింది.

"ఇది దేనికమ్మా?" అని పోచమ్మ అడిగింది.

"బ్యాంకులో పనికొస్తుందిలే. ఇంకా వేలిముద్ర ఏంటి, నామోషీగా."

పెసరట్టు తప్పిపోయింది కానీ మధ్యాహ్నానికి సంతకం వచ్చింది. పన్నెండు రసీదుల మీద పన్నెండు స్టాంపులు అతికించి, పన్నెండుసార్లు రాయించారు. ప్రాక్టీసన్నారు. ఆ సాయంత్రం పోచమ్మ మా బస్తీలో అందరినీ పిలిచి, బొగ్గుముక్కతో గోడ మీద తన పేరు రాసి చూపించింది. తాను పనిచేసే ఇంటి అమ్మ దేవత అంది. కాదన్నవాళ్లు లేరు. అక్షరం చెప్పినవాళ్లను అనుమానించడం మాకెవరికీ తెలియదు.

ఆఫీసువాళ్లు రసీదులు ఒప్పుకున్నారు. కాగితాల మీద ఫ్లాటు పోచమ్మదైంది. ఓనరు మాత్రం రోజూ సామాన్ల లిఫ్టులోనే పైకి వచ్చేది. మిగతా లిఫ్టులు పనివాళ్లు ఎక్కకూడదని బోర్డు ఉంది.

మరుసటి ఏడు కూడా రసీదులు రాయించారు. ఆ ఎండాకాలం పోచమ్మకు వితంతు పింఛను ఆగిపోయింది. ఆ పింఛనుతోనే ఆమె తన ఒంటిగదికి సగం కిరాయి కట్టేది. పింఛన్లు చూసే ఆఫీసుకు వెళ్లి వరసలో నిలబడితే, అక్కడి మనిషి కంప్యూటర్‌లో చూసి, ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు.

"నీ పాన్ నంబరు మీద తెల్లాపూర్ల ఫ్లాట్ ఉన్నదంట గదమ్మా. నెలనెల కిరాయి వస్తుందంట. ఇగ పింఛనెందుకు?"

పరాచికమనుకుని పోచమ్మ నవ్వింది. వెనక వరసలో ఎవరూ నవ్వలేదు. ఫ్లాట్లున్నోళ్లు కూడా గరీబోళ్ల నోటికాడిది గుంజుకుంటున్నరని ఒకామె గట్టిగానే అంది.

కంప్యూటర్ చేసిన తప్పును కంప్యూటర్ పని చేసేవాళ్లే సరిచేస్తారని పోచమ్మ నేరుగా వెంకట్ దగ్గరికే వచ్చింది. అద్దె కట్టింది నిజమేనా అని అతనికీ పన్నువాళ్ల దగ్గర్నుంచి అదే వారం మెసేజ్ వచ్చింది. మళ్లీ శ్యామ్‌ను అడిగాడు. పోచమ్మ పేరున రిటర్న్ వేసి అద్దె వచ్చినట్టు చూపించేస్తే రెండు లెక్కలూ కలిసిపోతాయని, ఆమెకు పన్ను కూడా పడదని శ్యామ్ చెప్పాడు. వెంకట్ అదే చేశాడు. పని అయిపోయిందని, ఫికర్ పడవద్దని పోచమ్మకు చెప్పాడు. ఆమె దండం పెట్టింది.

తర్వాతి నెల రేషన్ బియ్యం కూడా ఆగిపోయాయి. ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేసే మనిషికి ఉచిత బియ్యం ఎందుకన్నారు.

శ్యామ్ సలహాలు ఇంకా అయిపోలేదు. రసీదులు చాలవు, డబ్బు బ్యాంకులో కనబడాలన్నాడు. వెంకట్ ఒక నెల అద్దె పోచమ్మ ఖాతాలో వేసి, తీసి తెచ్చివ్వమన్నాడు. పొదుపు సంఘంలో ఆమె తీసుకున్న పాత అప్పు కింద బ్యాంకువాళ్లు ఆ సొమ్ము పట్టేసుకున్నారు. పోచమ్మ వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఉమాశ్రీ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడి, ఆ సొమ్ము తీరేదాకా జీతంలో కోసుకుంటానని చెప్పింది.

ఇక చేసేది లేక పోచమ్మ అర్జీ పెట్టుకుంది. తనకు ఫ్లాటు లేదని, గంజికి కూడా లేదని అందులో ఉంది. విచారణకు లింగమూర్తి అనే ఉద్యోగి, కంప్యూటర్ చెప్పిన చిరునామా పట్టుకుని ఒక పొద్దున పదకొండో అంతస్తుకు వచ్చి బెల్లు కొట్టాడు. చీపురు చేతిలో పట్టుకుని పోచమ్మే తలుపు తీసింది.

లింగమూర్తి ఆమె పేరు అడిగాడు, చీపురు చూశాడు, లోపలికొచ్చి వెంకట్‌ను చూశాడు.

"సారు, ఈ ఇల్లు ఈమెదా? అవునంటే అవును, కాదంటే కాదు. ఒక్క మాట చెప్పుండ్రి, రాసుకొని పోత."

ఆ ఒక్క మాట మీద పోచమ్మ పింఛను ఉంది. కాదని చెబితే వెంకట్ రెండేళ్లుగా పన్నువాళ్లతో ఆడిన అబద్ధం కాగితం మీదికి ఎక్కుతుంది. పోచమ్మ రెండు చేతులూ చీపురు మీద పెట్టి అతని నోటి వైపే చూస్తోంది.

"ఆవిడదేనండి," అన్నాడు వెంకట్.

"మరి ఈమె ఊడ్సుడేంది?"

"ఆవిడకి ఖాళీగా కూర్చోవడం అలవాటు లేదండి. సొంత ఇల్లు కదా, శుభ్రంగా ఉండాలంటారు. కూర్చోండి పోచమ్మగారూ. ఉమా, ఓనరుగారికి కాఫీ."

ఉమాశ్రీ కాఫీ తెచ్చింది. అలవాటు కొద్దీ పోచమ్మకు వేరుగా పెట్టిన సత్తుగ్లాసులో తెచ్చి, లింగమూర్తి దాని వైపు చూస్తుంటే వెనక్కి వెళ్లి పింగాణీ కప్పులో పోసుకొచ్చింది.

పోచమ్మ సోఫా అంచున కూర్చుంది. కాఫీ ముట్టలేదు. వెంకట్ వైపు తిరిగింది.

"సారు, ఇల్లు నాదేనా?"

వెంకట్ నేల చూస్తూ తల ఊపాడు.

"అయితే పింఛను పోతే పోనియ్. ఆ గదికి కిరాయి కట్టలేక సస్తున్న. సామాను ఇయ్యాల్నే తెచ్చుకుంట. మీరు జర ఖాళీ చెయ్యుండ్రి."

ఆమె వేళాకోళంగా అనలేదు. లేచి, ఆ ఇంట్లో మొదటిసారి చీపురు లేకుండా గదులన్నీ తిరిగింది. పెద్ద గదిలో మంచం నొక్కి చూసింది. బాల్కనీలో మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చని లింగమూర్తితో చెప్పింది. లింగమూర్తి రాసుకుంటున్నాడు. వెంకట్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. పోచమ్మ బీరువా తలుపు తీసి, ఈ చీరలన్నీ తొందరగా తీసుకోమని ఉమాశ్రీకి చెప్పింది.

అంతవరకూ ఓర్చుకున్న ఉమాశ్రీ అదే బీరువాలోంచి దస్తావేజులు లాగి లింగమూర్తి ముందు పడేసింది.

"చూడండి. రిజిస్ట్రేషన్ నా పేరు మీద ఉంది. ఇల్లు నాది. ఇది మా పనిమనిషి. ఆ రసీదులన్నీ ఈయనగారి తెలివితేటలు."

"ఉమా," అన్నాడు వెంకట్.

"ఏం ఉమా? మీ పన్ను మిగలడానికి నా ఇల్లు దానికి రాసిచ్చేస్తారా?"

లింగమూర్తి కలం ఆపలేదు. "గీ ముక్క ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గదమ్మా," అన్నాడు. చల్లారిన కాఫీ పోచమ్మ తాగకపోతే తాను తాగి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి పోచమ్మను పనిలోకి రావద్దన్నారు. ఇంటి మీద కన్నేసిన మనిషిని ఇంట్లోకి ఎలా రానిస్తామని ఉమాశ్రీ పక్క ఫ్లాట్లవాళ్లతో అంది. పోచమ్మకు ఇల్లు లేదని లింగమూర్తి నిజాయితీగానే రాశాడు. కానీ ఒకసారి తీసేసిన పేరు మళ్లీ ఎక్కించాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టాలట. కొత్త దరఖాస్తులు ఇప్పుడు తీసుకోవడం లేదట. పోచమ్మ ఒంటిగది వదిలేసి, చెల్లెలి ఇంటి వసారాలో పడుకుంటోంది.

వెంకట్ రెండేళ్ల పన్ను, వడ్డీ, జరిమానా కట్టాడు. ఆ దెబ్బకు ఫ్లాటు మీద వాయిదాలు తీరక, దాన్ని అద్దెకిచ్చి, కూకట్‌పల్లిలో రెండు గదుల ఇంట్లోకి మారారు. ఇప్పుడు అతను నిజంగానే అద్దె కడుతున్నాడు. ఆ ఇంటి ఓనరు పార్థసారథిగారు డబ్బు చేతికే తీసుకుంటారు, రసీదు ఇవ్వరు, పాన్ నంబరు అసలే ఇవ్వరు. ఆయనకు పన్నులంటే పడదట.

రత్నమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది లింగంపల్లిలో.