మా ఇంటికి గౌరవం తెచ్చిన అప్పు

సొంత ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టనివారికి ఆ ఇంటి మీద నిజమైన ప్రేమ లేదని నా నిశ్చితాభిప్రాయం. కోపగించుకోకండి. నా అనుభవం వినండి.

హోసూరులో మా నాయన కట్టిన నాలుగు గదుల ఇంట్లో నేను ముప్ఫై ఏళ్ళున్నాను. 2005లో ధనశేఖర్ అనే బ్యాంకు ఆఫీసరు వచ్చి గోడలు తట్టి చూసేదాకా దాన్ని ఉత్త ఇల్లనే అనుకున్నాను.

"ఇది ప్రాపర్టీ సార్. పత్రాలు మా తావ పెట్టండి, నాలుగు లక్షలు ఇస్తాము. ఇల్లు కొత్తగా చేసుకోండి" అన్నాడాయన.

"వానొస్తే ఒక మూల కారతా ఉంది. ఆ మూల సరిచేయిస్తే చాలు, దానికి ఇల్లు కుదువ పెట్టల్లా?" అంది నా భార్య అంబిక.

ఒక మూలకు ఏ బ్యాంకూ లోను ఇవ్వదని ఆమెకు ఓపిగ్గా వివరించాను.

మేస్త్రి కదిరప్ప పని మొదలుపెట్టాడు. నేలకు గ్రానైట్ వేశాక పాత గోడలు వెలవెలబోయాయి. గోడలు మెరిశాక బాత్‌రూము సిగ్గుపడింది. ఆఖరికి హాలుకు ఫాల్స్ సీలింగ్ వచ్చింది, డబ్బు అయిపోయింది.

అప్పు వల్ల లాభాలు లేవా? సినిమాలు మానేశాం. పెళ్ళిళ్ళకు పోవడం తగ్గింది. చేబదులు అడిగే బంధువులు నన్ను చూస్తే పక్క వీధికి మళ్ళుతున్నారు. ఇంత ప్రశాంతత డబ్బున్నవాడికి దొరుకుతుందా?

నా నోటుపుస్తకాల అంగడి రాబడి బ్యాంకుకు కట్టే నెల కంతుకు చాలలేదు. దానికీ కదిరప్పే దారి చూపినాడు.

"ఇంత మంచి ఇంట్లో మీరుండి ఏం చేస్తారప్పా? కంపెనీ వాళ్ళకు బాడిగకియ్యండి."

ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన, ఆయన భార్య ప్రతిభ వచ్చి చేరారు. మేము సిమెంటు మూటలుంచిన వెనకగదిలోకి మారాం. మొదటి రోజు సాయంత్రం అంగడి నుంచి వచ్చి, అలవాటుగా ముందు తలుపు తోసుకుని లోపలికి పోయాను.

"ఎవరు కావాలి?" అన్నాడు మేనేజరు మర్యాదగా.

చెప్పులతో వచ్చినందుకు క్షమాపణ చెప్పి బయటికి వచ్చాను. అంబిక నా ముఖం చూసి కాఫీ ఇచ్చింది.

మొన్న ఆదివారం ప్రతిభ వచ్చింది. "ఆంటీ, ఇల్లు శానా బాగుంది. ఈ వెనకగది ఒకటే అసహ్యంగా ఉంది. పడగొట్టిస్తే ఈడ కారు నిలుపుకుంటాము."

"అట్లే కానీమ్మా" అంది అంబిక. "దానికి ముందర మాకు యాడైనా ఒక బాడిగిల్లు చూసిపెట్టు."

కాబట్టి పాఠకులకు చిన్న మనవి. మీ ఎరుకలో రిపేరు చేయని పాత ఇల్లేదైనా బాడిగకుంటే చెప్పండి. ఆ ఓనరుకు మాత్రం, దయచేసి, ఈ వ్యాసం చూపించకండి.